ఐదో లెవెల్ పార్టీతో సమాధుల్లోకి దిగుతున్నాం: తీర్థం ఎన్ని బాటిళ్ళు కొనాలి?

గుంటూరు_గద · బుధవారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. ఆదివారం రాత్రి 8కి మా సెషన్. డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలేస్తూ కథలో పాత్రలుగా ఆడే ఆట), 2014 రూల్స్. నలుగురం, అందరం ఐదో లెవెల్. నేను క్లెరిక్‌ని, అంటే దేవుడి శక్తితో మంత్రాలేసేవాణ్ణి, విజ్డమ్ 18, చేతిలో గద. మా బావమరిది హ్యూమన్ ఫైటర్, పెద్ద కత్తి. మా చెల్లి ఎల్ఫ్ జాతి విజర్డ్ (మంత్రగత్తె), స్ట్రెంగ్త్ 8. డల్లాస్‌లో ఉన్న ఫ్రెండ్ హాఫ్లింగ్ (పొట్టి జాతి) రోగ్, అంటే దొంగ. వాడికి అప్పుడు పొద్దున తొమ్మిదిన్నర, కాఫీ తాగుతూ ఆడతాడు.

ఊరి బయట పాత కోట, దాని కింద సమాధులు. డీఎం (ఆట నడిపేవాడు) ఇప్పటివరకు మూడే మూడు సంగతులు చెప్పాడు. శ్మశానంలో గోతులు తవ్వేసి ఉన్నాయి, ఎముకలు విరగ్గొట్టి మూలుగ పీల్చేసినట్టున్నాయి. తర్వాత, గుడి పూజారి దీపం పట్టుకుని చూడ్డానికి వెళ్ళి మెట్ల దగ్గర చచ్చిపడి ఉన్నాడు. ఒంటి మీద గీత కూడా లేదు, మనిషి మాత్రం పిండేసిన గుడ్డలా ఉన్నాడట. చివరిది, ఎప్పుడో చచ్చిపోయిన కోట సేనాపతి కవచం వేసుకుని రాత్రిళ్ళు తిరుగుతుంటే గొర్రెల కాపరి చూశాడు. వెనకాల పదిమంది తూలుతూ నడుస్తున్నారట.

పోయిన నెల అస్థిపంజరాల దగ్గర మా పరువు పోయింది. రోగ్ 100 బంగారం పోసి విషం కొని బాణాలకి పూశాడు. డీఎం నవ్వు ఆపుకుంటూ "ఎముకలకి విషం ఎక్కడ ఎక్కుతుందిరా?" అన్నాడు. ఈసారి అలా కాకూడదు.

చేతిలో 940 బంగారం ఉంది. హోలీ వాటర్‌ని మేం తీర్థం అంటాం. బాటిల్ 25. ముప్ఫై కొంటే 750. సరిపోతాయా?

మిరపకాయ_మేజ్ · బుధవారం, రాత్రి 10:58

ముప్ఫై తీర్థం బాటిళ్ళా? సమాధుల్లోకి వెళ్తున్నారా, పుష్కరాలకి వెళ్తున్నారా?

నిద్రలేని_డీఎం · బుధవారం, రాత్రి 11:20

తమ్ముడూ, కొనకు. లెక్క చూడు. తీర్థం విసరడానికి ఒక యాక్షన్ పోతుంది. తగిలితే 2డీ6 (ఆరు ముఖాల పాచికలు రెండు) రేడియంట్, అంటే దివ్యకాంతి దెబ్బ. నీ సేక్రెడ్ ఫ్లేమ్ మంత్రం ఐదో లెవెల్లో 2డీ8 రేడియంట్, పైసా ఖర్చు లేదు. నువ్వు బాటిల్ విసిరితే డబ్బిచ్చి మరీ తక్కువ కొట్టినట్టు. తీర్థం రేడియంట్ లేనివాళ్ళకి, అంటే ఫైటర్‌కి, రోగ్‌కి. వాళ్ళకైనా అన్నిటి మీదా కాదు.

ముందు లోపల ఏమున్నాయో తేల్చుకోవాలి. మీ డీఎం మంచోడు, దాదాపు అన్నీ చెప్పేశాడు. మూలుగ పీల్చేవి గూల్స్. వాటితో వాటి పెద్దన్న గాస్ట్ కూడా ఉండొచ్చు. గాయం లేకుండా బలం పోయి చచ్చిపోయాడంటే షాడో. కవచం వేసుకుని వెనక శవాలని నడిపించేది వైట్. ఈ పేరు విని తెల్లగా ఉంటుందనుకోకు, మా టేబుల్ మీద ఒకడు సెషనంతా అదే అనుకున్నాడు. వైట్ చంపిన మనిషి 24 గంటల తర్వాత జాంబీగా లేచి దాని మాట వింటాడు. అలా పన్నెండు దాకా పెట్టుకోగలదు. పదిమంది తూలుతున్నారన్నావు కదా, ఇంకో ఇద్దరికి ఖాళీ ఉంది.

ఒక ప్రశ్న. ఆ పూజారి మంచివాడేనా?

గుంటూరు_గద · బుధవారం, రాత్రి 11:24

మంచివాడే అన్నా. మాకు ఉచితంగా భోజనం పెట్టాడు. ఎందుకు?

నిద్రలేని_డీఎం · బుధవారం, రాత్రి 11:25

ఏం లేదు. ఊరికే అడిగాను.

మిరపకాయ_మేజ్ · బుధవారం, రాత్రి 11:51

సరదా పక్కన పెడితే, షాడో మాట రాగానే నాకు ఇప్పటికీ చెమటలు పడతాయి. మీ చెల్లిని ఇది తప్పకుండా చదవమనండి.

నా విజర్డ్‌కి ఐదో లెవెల్, స్ట్రెంగ్త్ 8, హెచ్‌పీ (ప్రాణం పాయింట్లు) 32. చీకటి గది, మూడు షాడోలు. మొదటి దెబ్బ 5. నవ్వుకున్నాను, ఇంతేనా అని. డీఎం "స్ట్రెంగ్త్ కూడా ఒక డీ4 తగ్గించు" అని వేశాడు. 3 పడింది. స్ట్రెంగ్త్ 5. రెండోది 6 కొట్టింది, స్ట్రెంగ్త్‌లో 1 పోయింది. మూడోది 7 కొట్టింది, డీ4 మీద 4. లెక్కేసుకోండి. నా హెచ్‌పీ ఇంకా 14 ఉంది. కానీ స్ట్రెంగ్త్ సున్నా. సున్నా అయితే డెత్ సేవ్‌లు (చావు తప్పించుకోడానికి వేసే పాచికలు) లేవు, స్పృహ తప్పడం లేదు, నేరుగా చావే. ఒక్క రౌండ్. నేనింకా నా మొదటి స్పెల్ కూడా వెయ్యలేదు.

మా క్లెరిక్ హీల్ చెయ్యడానికి రెడీగా కూర్చున్నాడు పాపం. హీల్ చెయ్యడానికి ఏముంది? హెచ్‌పీ బాగానే ఉందిగా.

అందుకే అన్‌డెడ్ (చచ్చి కూడా తిరిగేవి) అనగానే "ఎంత కొట్టాలి" అని మొదలుపెట్టకండి. అవి మన దగ్గర్నుంచి ఏం లాక్కుంటాయో చూడండి. షాడో స్ట్రెంగ్త్ లాక్కుంటుంది. గూల్ మీ టర్న్‌లు లాక్కుంటుంది. వైట్ మీ మ్యాగ్జిమమ్ హెచ్‌పీనే తగ్గిస్తుంది, లాంగ్ రెస్ట్ (రాత్రి నిద్ర) దాకా తిరిగి రాదు, ఎన్ని పోషన్లు తాగినా దండగ. నీ 940 దీనికి ఖర్చు పెట్టు.

అట్లాంటా_బాబాయ్ · గురువారం, ఉదయం 6:10

లాంగ్ రెస్ట్ చేస్తే తిరిగొస్తుందట! మీ తరం అదృష్టవంతులమ్మా. నేను ఈ ఆట నేర్చుకుంది 1996లో, చదువుకోడానికి అమెరికా వచ్చిన కొత్తల్లో, సెకండ్ ఎడిషన్. అప్పట్లో వైట్ ముట్టుకుంటే ఒక లెవెల్ పోయేది. వాంపైర్ అయితే రెండు. ఆరు నెలలు శనివారాలన్నీ ధారపోసి సంపాదించిన లెవెల్ ఒక్క పాచికతో గోవిందా. వైట్ కనపడితే మేం యుద్ధం చేసేవాళ్ళం కాదు, పరుగెత్తేవాళ్ళం.

ఇంకో ముచ్చట. అసలు క్లెరిక్ అనే క్లాస్ పుట్టిందే అన్‌డెడ్ పోరు పడలేక. 1974లో ఆట అచ్చవకముందు, డేవ్ ఆర్నెసన్ మినెసోటాలో నడిపిన ఆటలో ఒక ఆటగాడు వాంపైర్‌గా ఆడుతూ మిగిలినవాళ్ళని ఏడిపించాడు. ఆ వాంపైర్ పేరు సర్ ఫాంగ్. వాణ్ణి ఆపడానికి విరుగుడుగా తెచ్చిన పాత్రే ఈ క్లెరిక్. కాబట్టి గుంటూరు బాబూ, ఆదివారం నువ్వే పెళ్ళికొడుకువి. మిగిలినవాళ్ళు నిన్ను కాపాడుకోవాలి.

పాచిక_పాపాయి · గురువారం, ఉదయం 9:02

నేను కొత్త. ఒక డౌట్. డేలైట్ స్పెల్ వేస్తే షాడోలు బలహీనపడతాయి కదా? ఎండలో వాటికి డిసడ్వాంటేజ్ (రెండు పాచికలేసి తక్కువది తీసుకోవడం) అని చదివాను. క్లెరిక్‌కి ఐదో లెవెల్లో ఆ స్పెల్ వస్తుంది.

నిద్రలేని_డీఎం · గురువారం, ఉదయం 9:30

అందరూ పడే గొయ్యే ఇది. 2014 పుస్తకంలో డేలైట్ అంటే వట్టి వెలుతురు, సూర్యకాంతి కాదు. పేరు చూసి మోసపోకూడదు. దాంతో వాంపైర్‌కి చెమట కూడా పట్టదు. 2024 పుస్తకంలో మాత్రం దాన్ని సూర్యకాంతి అని మార్చారు. వీళ్ళు 2014తో ఆడుతున్నారు కాబట్టి పనికిరాదు. కాకపోతే వెలుతురు వల్ల ఒక లాభం ఉంది: షాడో మసక వెలుతురులోనో చీకట్లోనో అయితే బోనస్ యాక్షన్‌తో దాక్కుంటుంది. బాగా వెలుగున్న చోట దాక్కోలేదు. దానికి మూడో లెవెల్ స్లాట్ (లెక్కగా వచ్చే మంత్రాల కోటా) ఎందుకు, లైట్ క్యాంట్రిప్ (ఎన్నిసార్లైనా వేసుకునే మంత్రం) చాలు.

గుంటూరు_గద · గురువారం, మధ్యాహ్నం 1:15

సరే, తీర్థం ఐడియా మానేస్తున్నా. మరి కత్తులకి వెండి పూత వేయిస్తే? ఒక్కో ఆయుధానికి 100. నాలుగూ వేయిస్తే 400.

కోనసీమ_కత్తి · గురువారం, మధ్యాహ్నం 1:40

వెండి షాడోకి తగలదు గురూ. షాడో స్టాట్ బ్లాక్‌లో (లక్షణాల పట్టికలో) "మ్యాజిక్ కాని ఆయుధాలు" అని ఉంటుంది, వెండికి మినహాయింపు లేదు. దెబ్బ సగమే పడుతుంది. వైట్‌కి మాత్రం వెండి పనిచేస్తుంది. గూల్స్‌కి, జాంబీలకి అసలు వెండి అక్కర్లేదు, మామూలు ఇనుము చాలు.

నేను మీ బావమరిదికి చెప్పేది ఒకటే. ఆ కత్తి ఇంట్లో పెట్టి పెద్ద సమ్మెట కొనమను. మాల్ అంటారు చూడు, అది. 10 బంగారం. దెబ్బ కత్తిలాగే 2డీ6, రెండు చేతులూ అంతే. కానీ మొద్దు దెబ్బ. అస్థిపంజరానికి మొద్దు దెబ్బ రెట్టింపు పడుతుంది. ఆ సమ్మెటకే వెండి పూత వేయించండి. 110తో అస్థిపంజరమూ, వైటూ రెండూ అయిపోతాయి.

గుంటూరు_గద · గురువారం, మధ్యాహ్నం 1:52

వాడు ఒప్పుకోడన్నా. ఆ కత్తికి పేరు పెట్టుకున్నాడు.

కోనసీమ_కత్తి · గురువారం, మధ్యాహ్నం 1:53

సమ్మెటకీ పేరు పెట్టుకోమను.

పాచిక_పాపాయి · గురువారం, రాత్రి 8:20

మధ్యలో వస్తున్నందుకు సారీ. అన్‌డెడ్‌కి తెలుగులో మీరందరూ ఏమంటారు? మా టేబుల్ మీద "దెయ్యాలు" అంటే మా అన్నయ్య అస్థిపంజరం దెయ్యమెలా అవుతుందని గొడవ.

అట్లాంటా_బాబాయ్ · గురువారం, రాత్రి 9:05

మీ అన్నయ్యదే కరెక్ట్. దెయ్యానికి ఒళ్ళుండదు. స్పెక్టర్, ఘోస్ట్ లాంటివాటికి దెయ్యం సరిపోతుంది. జాంబీకి దగ్గరైనది బేతాళుడు, శవంలో దూరి కూర్చుంటాడు కాబట్టి. కానీ మన బేతాళుడు కథలు చెప్తాడు, చిక్కుప్రశ్నలడుగుతాడు. జాంబీకి అంత తెలివెక్కడిది? అన్నిటికీ కలిపి ఒక్క మాట లేదు. మేం "చచ్చినోళ్ళు" అంటాం. "ముందు గదిలో చచ్చినోళ్ళు ఎంతమంది?" అంటే ఎవరికైనా అర్థమవుతుంది.

భీమిలి_బార్డ్ · శుక్రవారం, ఉదయం 7:45

గూల్స్ గురించి ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. వాటి గోళ్ళు గీరితే కాన్‌స్టిట్యూషన్ సేవ్ (తట్టుకోడానికి వేసే పాచిక), డీసీ 10, అంటే కనీసం పది రావాలి. పోతే కదల్లేరు. కదలకుండా ఉన్నవాణ్ణి పక్కనుంచి కొడితే ప్రతి దెబ్బా క్రిటికల్ (పాచికలు రెట్టింపు). ఎల్ఫ్‌కి మాత్రం ఈ బాధ లేదు. కాబట్టి ఇరుకు దారిలో ఎల్ఫ్ విజర్డ్‌ని ముందు పెట్టండి. మేజ్ ఆర్మర్, షీల్డ్ మంత్రాలు వేసుకుని నిలబడితే గూల్స్ ఏం చెయ్యలేవు.

నిద్రలేని_డీఎం · శుక్రవారం, ఉదయం 8:10

ఆగండాగండి. ఆ ఎల్ఫ్ మినహాయింపు గూల్‌కి మాత్రమే. గాస్ట్ గోళ్ళ దగ్గర ఎల్ఫ్ అయినా ఎవరైనా ఒకటే, అన్‌డెడ్ కాకపోతే చాలు. పైగా గాస్ట్ ఉంటే ఇంకో చిక్కు. అదీ, దానికి 30 అడుగుల్లోపు ఉన్న గూల్సూ టర్న్ అన్‌డెడ్ (చచ్చినోళ్ళని తరిమే క్లెరిక్ శక్తి) మీద సేవ్‌కి అడ్వాంటేజ్‌తో (రెండు పాచికల్లో ఎక్కువది) వేస్తాయి. గుంటూరు డీసీ 15. మామూలుగా గూల్ 70 శాతం సార్లు ఫెయిలవుతుంది. పక్కన గాస్ట్ ఉంటే 49 శాతమే. కాబట్టి గాస్ట్ ఉందని తెలిస్తే ముందు దాన్ని పడగొట్టి ఆ తర్వాత టర్న్ కొట్టాలి.

ఎలా తెలుస్తుందంటే, కంపు. గాస్ట్ దగ్గరికొస్తే కడుపులో తిప్పే కంపు కొడుతుంది. మీ డీఎం వాసన గురించి ఒక్క ముక్క అన్నా చెవులు రిక్కించండి.

భీమిలి_బార్డ్ · శుక్రవారం, ఉదయం 8:22

గాస్ట్ సంగతి మర్చిపోయాను. ఒప్పుకుంటున్నా. చెల్లెమ్మని ముందు పెట్టకండి.

కోనసీమ_కత్తి · శుక్రవారం, ఉదయం 10:00

టర్న్ ఎందుకసలు? స్పిరిట్ గార్డియన్స్ మంత్రం వేసుకుని చచ్చినోళ్ళ మధ్యలోకి నడిచి వెళ్ళిపోవడమే. చుట్టూ 15 అడుగులు, 3డీ8 రేడియంట్, జాంబీ మళ్ళీ లేవడం కూడా ఉండదు.

మిరపకాయ_మేజ్ · శుక్రవారం, ఉదయం 10:25

స్పిరిట్ గార్డియన్స్ బంగారం, కాదనను. జాంబీల గుంపుకి అదే మందు. పడబోయే జాంబీకి సేవ్ ఉంటుంది కదా, డీసీ 5 ప్లస్ తగిలిన దెబ్బ. ఒక పాయింట్ మిగిలిన జాంబీని 8 కొట్టినా డీసీ 13 అవుతుంది, దానికి +3 ఉంది, సగం సార్లకి పైనే మళ్ళీ నిలబడుతుంది. రేడియంట్‌తోనో క్రిటికల్‌తోనో పడితే ఆ సేవ్ లేదు.

కానీ రెండూ కలపకూడదు. టర్న్ అయినదానికి ఒక్క పాయింట్ దెబ్బ తగిలినా టర్న్ తెగిపోతుంది. గార్డియన్స్ తిప్పుకుంటూ దాని వెనక పడితే నువ్వే దాన్ని నిద్రలేపినట్టు.

మీ మిగిలినవాళ్ళకి కూడా చెప్పు గుంటూరూ. మా రోగ్‌కి పారిపోతున్న శత్రువు వీపు కనపడితే చేతులాగవు. మూడుసార్లు అలాగే చేశాడు. టర్న్ అయినవాటిని వదిలెయ్యండి, మిగిలినవాటి మీద అందరూ పడండి. ఇంకోటి, పారిపోడానికి దారి ఉంచండి. గుమ్మంలో నిలబడి టర్న్ కొడితే ఎటూ పోలేక గదిలోనే డాడ్జ్ చేస్తూ ఉంటాయి, నిమిషం తర్వాత మళ్ళీ మీ మీదకే.

షాడోల మీద మాత్రం కళ్ళు మూసుకుని కొట్టు. ఐదో లెవెల్ క్లెరిక్ టర్న్ చేస్తే ఛాలెంజ్ రేటింగ్ (శత్రువు ఎంత గట్టిదో చెప్పే అంకె) సగం, అంటే 1/2, దాకా ఉన్నవి పారిపోవు, అక్కడికక్కడే బూడిద. షాడోది సరిగ్గా సగమే.

గుంటూరు_గద · శనివారం, రాత్రి 11:30

అందరికీ థ్యాంక్స్. మా నలుగురం కాల్‌లో కూర్చుని లెక్క తేల్చాం. రివివిఫై (చచ్చినవాణ్ణి వెంటనే బతికించే మంత్రం) కోసం 300 బంగారం పెట్టి వజ్రాలు. దీని మీద గంట గొడవ. రోగ్ "ఎవరూ చావకపోతే 300 దండగే కదా" అన్నాడు. మా చెల్లి మిరపకాయ అక్క రాసింది పైకి చదివి వినిపించింది. తర్వాత ఎవరూ మాట్లాడలేదు. సమ్మెట, వెండి పూతతో 110. రోగ్‌కి వెండి బాణాలు పది, 100. తీర్థం ఎనిమిది, 200, ఫైటర్‌కి నాలుగు, రోగ్‌కి నాలుగు, షాడోల కోసం మాత్రమే, వాటికి రేడియంట్ రెట్టింపు పడుతుంది. హీలింగ్ పోషన్లు నాలుగు, 200. నూనె పది సీసాలు, ఒక్క బంగారం. 29 మిగిలింది.

రెండో లెవెల్ స్లాట్లలో ఒకటి ముట్టుకోను, లెసర్ రెస్టొరేషన్‌కి (కదల్లేనివాళ్ళని లేపే మంత్రం). చెల్లి మధ్యలో నడుస్తుంది. ఆమె మీద ప్రొటెక్షన్ ఫ్రమ్ ఈవిల్ అండ్ గుడ్ వేస్తా, కొట్టడానికి వచ్చే ప్రతి చచ్చినోడికీ డిసడ్వాంటేజ్. అది వేస్తే స్పిరిట్ గార్డియన్స్ వెయ్యలేను, రెండూ కాన్‌సెంట్రేషనే, ఒకేసారి ఒకటే నిలుస్తుంది. మొదటి సగం అది, జాంబీలు కనపడ్డాక ఇది.

బావమరిది సమ్మెటకి "అత్తగారు" అని పేరు పెట్టాడు.

గుంటూరు_గద · సోమవారం, రాత్రి 12:50

ఇప్పుడే అయింది. నిద్ర రావట్లేదు, అందుకే రాస్తున్నా.

దిగిన వెంటనే గూల్స్, మూడు. బాగానే సాగుతుండగా డీఎం మామూలుగానే "లోపల్నుంచి కుళ్ళిన గుడ్ల వాసన" అన్నాడు. నలుగురం ఒకేసారి "గాస్ట్!" అని అరిచాం. డీఎం మొహం చూడాలి. అయినా అది స్తంభం వెనక నుంచి వచ్చి చెల్లినే గీరింది. డిసడ్వాంటేజ్‌తో కూడా తగిలింది. సేవ్ 7. కదల్లేదు. నేను దాచిన స్లాట్‌తో ముట్టుకుని లేపాను. ఆ రౌండ్ స్పెల్ లేకపోతే గాస్ట్, రెండు గూల్స్ కలిసి ఆమె మీదే ఉండేవి.

తర్వాత మెట్ల దగ్గర గది. దీపం పడి ఉంది, ఆరిపోయి. పూజారి పడిపోయిన చోటు. ఐదు షాడోలు గోడల్నుంచి లేచాయి. టర్న్ కొట్టాను. డీఎం ఐదు పాచికలూ ఎదురుగానే వేశాడు. 4, 11, 9, 14. నాలుగూ బూడిద. ఐదోది 17.

అది మా వైపు వచ్చింది. బావమరిది అత్తగారిని కింద పెట్టి తీర్థం విసిరాడు. తగిలింది. 5, 4. తొమ్మిది, రెట్టింపు పద్దెనిమిది. షాడోకి పదహారే. మేం కేకలు వేస్తుంటే డీఎం నెమ్మదిగా చెప్పాడు: "ఆ నీడ కరిగిపోతోంది. ఒక చెయ్యి మాత్రం చివరిదాకా ముందుకు చాచి ఉంది. దీపం పట్టుకున్నట్టు."

ఎవరికీ ముందు అర్థం కాలేదు. చెల్లికి అర్థమైంది.

బావమరిది నీళ్ళు తాగొస్తానని కెమెరా ఆపేశాడు. ఐదు నిమిషాలు రాలేదు.

నిద్రలేని_డీఎం · సోమవారం, ఉదయం 7:15

షాడో చంపినవాడు చెడ్డవాడు కాకపోతే కొన్ని గంటల్లోనే వాడి శవం నుంచి కొత్త షాడో లేస్తుంది. అందుకే అడిగాను మంచివాడేనా అని. చెప్తే మీ డీఎం కష్టమంతా పోయేది.

మిరపకాయ_మేజ్ · సోమవారం, ఉదయం 8:40

నేనే ఊహించలేదు, ఛ. వైట్ సంగతేంటి?

గుంటూరు_గద · సోమవారం, ఉదయం 9:05

అత్తగారు రెండు తగిలించగానే జాంబీలని మా మీదకి వదిలి వెనక సొరంగంలోకి పారిపోయింది. గార్డియన్స్‌తో జాంబీలు అయిపోయాయి. బావమరిది మ్యాగ్జిమమ్‌లో 6 పోయింది, పడుకుంటే వస్తుంది. వజ్రాలు అలాగే ఉన్నాయి.

కోనసీమ_కత్తి · సోమవారం, ఉదయం 9:11

మిగిలిన 29 ఏం చేశారు?

గుంటూరు_గద · సోమవారం, ఉదయం 9:20

25 పెట్టి ఇంకో తీర్థం కొన్నాం. మిగిలిన నాలుగూ గుడి దీపంలో నూనెకి ఇమ్మని చెల్లి. వచ్చే ఆదివారం సొరంగంలోకి. వైట్ ఇంకా బతికే ఉంది. అంటే, చచ్చే ఉంది.